వంటింటి పొగకు దారేది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాల మీద ఒక కవిత రాద్దామనుకున్నాను. ఇంతలో పూర్వ విద్యార్థినుల సంఘం తరఫున ఈ ఏడాది మన వంటగదికి "పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను" కొనివ్వాలని చందాలు వసూలు చేస్తున్నారని తెలిసింది. చాలా సంతోషం కలిగింది. కానీ "ఎంత పెద్దది కొందాం?" అని అడిగితే అక్కలు తలా ఒక మాట చెప్పారు. "దొరికినదాంట్లో అన్నిటికంటే పెద్దది కొంటే పోలా" అని చివరికి తేల్చారు. నేను ఫిజిక్స్ చదువుతున్నాను కాబట్టి అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానమే ఈ వ్యాసం.

ఇది మన హాస్టల్ వంటగదికే కాదు, రేపు ఉద్యోగాలొచ్చి, అద్దె ఇళ్ళల్లో కాపురాలు పెట్టి, గ్యాసు పొయ్యి మీద చిమ్నీ బిగించుకోవాలనుకునే మనందరికీ పనికొస్తుందని ఆశిస్తున్నాను.

పెద్దమ్మ మాట

నేను ఐదో తరగతిలో ఈ హాస్టల్‌లో చేరాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఎం.ఎస్సీ. రెండో సంవత్సరంలో ఉన్నాను. ఈ చదువుకు కావలసిన అన్నం అయిదేళ్ళకు పైగా ఈ వంటగదిలోనే ఉడికింది.

మా బ్యాచ్ వాళ్ళందరికీ పెద్దమ్మ గుర్తుండే ఉంటుంది. వంటావిడను మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. మేము చేరిన కొత్తలో కట్టెల పొయ్యి ఉండేది. మేము ఏడో తరగతికి వచ్చేసరికి గ్యాసు భట్టీలు వచ్చాయి. గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా బిగించారు. "ఇక పొగ పీడ పోయింది పెద్దమ్మా" అని మేమంతా సంబరపడ్డాం. అయినా సాంబారుకు పోపు పెట్టేటప్పుడు, ఆదివారం కోడికూరకు ఉల్లిగడ్డలు వేయించేటప్పుడు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉండేది. దగ్గు వచ్చేది. కళ్ళు ఎర్రబడేవి.

"ఫ్యాను తిరుగుతాంది కదా పెద్దమ్మా" అనేవాళ్ళం.

"ఫ్యాను తిరుగుతాంది బిడ్డా, పొగ మాత్రం నా మొఖం మీదికెళ్ళే పోతాంది" అనేది.

మేము నవ్వి ఊరుకునేవాళ్ళం. ఫ్యాను తిరుగుతుంటే పొగ పోకుండా ఎలా ఉంటుందని మా ధీమా. పెద్దమ్మ రిటైరైంది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. ఆ ఆయాసం పొగ వల్లేనని చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. కానీ ఫ్యాను విషయంలో ఆమె చెప్పింది అక్షరాలా నిజమని ఈ మధ్యనే నాకు అర్థమైంది. అదెలాగో తర్వాత చెబుతాను.

గ్యాసు పొయ్యికి పొగ ఉంటుందా?

కట్టెల పొయ్యి పొగ కంటికి కనబడుతుంది. గ్యాసు మంట నుంచి వచ్చేది కనబడదు. అందుకే లేదనుకుంటాం.

మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. ఒక కిలో గ్యాసు పూర్తిగా మండాలంటే దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మండిన తర్వాత సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడు, ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడతాయి. ఈ లెక్కన హోటళ్ళకు, హాస్టళ్ళకు ఇచ్చే 19 కిలోల సిలిండర్ ఒకటి అయిపోయేసరికి వంటగదిలోకి దాదాపు 57 కిలోల కార్బన్ డయాక్సైడు, రెండు బిందెల నీళ్ళంత ఆవిరి వచ్చి చేరతాయి. వానాకాలంలో వంటగది గోడలు చెమ్మగిల్లడానికి ఇదొక కారణం.

ఇవి కాక ఇంకో రెండున్నాయి. మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడులు ఏర్పడతాయి. ఇవి ఊపిరి గొట్టాలను మండిస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళను మరింత బాధపెడతాయి. రెండోది కార్బన్ మోనాక్సైడు. మంటకు గాలి చాలకపోతే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మంట నీలంగా ఉంటే గాలి సరిగా అందుతున్నట్టు. పసుపు రంగులో లేచి గిన్నెల అడుగున మసి పడుతుంటే, బర్నరు రంధ్రాలు మూసుకుపోయాయనో, గాలి అందడం లేదనో తెలుసుకోవాలి.

ఇదంతా మంట సంగతి. బాణలిలో కాగే నూనె సంగతి వేరు. నూనె మితిమీరి కాగితే కళ్ళు మండించే ఎక్రోలీన్ అనే పదార్థం, కంటికి కనబడనంత సన్నని నూనె తుంపరలు గాల్లోకి లేస్తాయి. ఈ తుంపరల్లో చాలావరకు 2.5 మైక్రాన్ల కంటే చిన్నవి. మన వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. అంత సన్నవి కాబట్టే ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళిపోతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన గ్రంథంలో, ఎక్కువ వేడి మీద వేపుడు చేసినప్పుడు వచ్చే పొగను "మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేవి" అనే 2ఎ వర్గంలో చేర్చింది. ఒకరోజు పూరీలు వేయించినందుకు భయపడమని దీని అర్థం కాదు. రోజూ గంటల తరబడి బాణలి ముందు నిలబడేవాళ్ళ గురించి మాత్రం ఆలోచించాలి.

మన ప్రాంతపు లెక్క కూడా ఒకటుంది. చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 420 పల్లె ఇళ్ళలో గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఊపిరితో లోపలికి వెళ్ళే ధూళి 24 గంటల సగటు గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్ళలో 732 వరకు ఉంది. అంటే కట్టెల నుంచి గ్యాసుకు మారడం చాలా మంచి పని. 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం మన అమ్మలకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే గ్యాసు రాగానే గాలి శుభ్రమైపోలేదు. మిగిలినదాన్ని బయటకు పంపే పని మనదే.

"పవరు" అంటే ఏమిటి?

షాపుకు వెళితే చిమ్నీ డబ్బా మీద 1000, 1200, 1500 అని పెద్ద అంకెలుంటాయి. అది కరెంటు వాట్లు కాదు. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని లాగుతుందో చెప్పే అంకె. కొన్నిటి మీద సి.ఎఫ్.ఎం. అని ఉంటుంది. అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులని. ఒక సి.ఎఫ్.ఎం. అంటే గంటకు 1.7 ఘనపు మీటర్లు. ఈ ఒక్క మార్పిడి గుర్తుంచుకుంటే రెండు రకాల డబ్బాలనూ పోల్చుకోవచ్చు.

మరి మనకు ఎంత కావాలి? దీనికి మూడు లెక్కలున్నాయి. మూడూ చేసి, అన్నిటికంటే పెద్దదాన్ని తీసుకోవాలి.

మొదటి లెక్క: గదిని బట్టి

గది పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే గదిలోని గాలి ఎంతో వస్తుంది. బాగా వంట జరిగే గదిలో గాలి గంటకు 15 నుంచి 20 సార్లు మారాలని సాధారణంగా లెక్క కడతారు. ఉదాహరణకు ఒక అద్దె ఇంట్లో వంటగది 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. మొత్తం 640 ఘనపుటడుగులు. ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు కాబట్టి దాదాపు 18 ఘనపు మీటర్లు. 20తో గుణిస్తే గంటకు 360.

రెండో లెక్క: మంటను బట్టి

పొయ్యి ఎంత వేడినిస్తే అంత గాలి లాగాలి. ఒక కిలోవాటు మంటకు గంటకు సుమారు 60 ఘనపు మీటర్లు అని లెక్క పెట్టుకోవచ్చు. అమెరికాలో ఎక్కువగా వాడే సూత్రాన్ని మన కొలతల్లోకి మారిస్తే వచ్చే అంకె ఇది. ఇంట్లో వాడే రెండు బర్నర్ల పొయ్యి రెండూ పూర్తిగా వెలిగిస్తే 4 కిలోవాట్లు అనుకుందాం. గంటకు 240 ఘనపు మీటర్లు చాలు.

పొయ్యి ఎన్ని కిలోవాట్లో తెలియకపోతే సిలిండరే చెబుతుంది. ఒక కిలో గ్యాసులో దాదాపు 12.7 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. గంటకు ఎన్ని కిలోల గ్యాసు ఖర్చవుతుందో చూసి 12.7తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి.

మూడో లెక్క: హుడ్‌ను బట్టి

పొయ్యి పైన గొడుగులా ఉండే భాగమే హుడ్. దాని నోటి దగ్గర గాలి సెకనుకు కనీసం 0.3 మీటర్ల వేగంతో లోపలికి వెళితేనే పొగ పక్కలకు జారిపోకుండా ఉంటుంది. హుడ్ వైశాల్యాన్ని 0.3తో, ఆ తర్వాత 3600తో గుణిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్లో తెలుస్తుంది. ఇంటి చిమ్నీ 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు ఉంటే 0.27 చదరపు మీటర్లు. లెక్క చేస్తే 290 వస్తుంది.

మూడింటిలో పెద్దది 360. మనం పోపులు, వేపుళ్ళు ఎక్కువ చేస్తాం కాబట్టి పావు వంతు కలుపుకుంటే 450. ఆ చిన్న వంటింటికి నిజంగా అవసరమయ్యేది గంటకు 450 ఘనపు మీటర్లు మాత్రమే. మరి షాపులో 1500 కొనమంటారెందుకు? ఒకటి, పెద్ద అంకెకు పెద్ద ధర. రెండోది కొంత న్యాయమైన కారణం. అదిప్పుడు చూద్దాం.

డబ్బా మీది అంకె, ఇంట్లో అంకె

డబ్బా మీద వేసేది తరచుగా ఏ అడ్డూ లేనప్పుడు ఫ్యాను లాగగలిగే గాలి. ఇంట్లో బిగించాక గాలి జల్లెడ దాటాలి, గొట్టంలో ప్రయాణించాలి, మలుపులు తిరగాలి. అడ్డు పెరిగేకొద్దీ ఫ్యాను లాగే గాలి తగ్గుతుంది. పొట్టి స్ట్రాతో జ్యూస్ తాగడానికి, మూడు మెలికలు తిరిగిన పొడుగాటి స్ట్రాతో తాగడానికి ఉన్న తేడా ఇదే.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఇళ్ళల్లో బిగించి వాడుతున్న 15 వంటింటి ఎగ్జాస్ట్ పరికరాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 10 పరికరాలు కంపెనీ చెప్పిన గాలిలో 70 శాతమో, అంతకంటే తక్కువో మాత్రమే లాగుతున్నాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. అడుగు చదునుగా ఉన్నవాటికంటే గొడుగులా లోపలికి గుంటగా ఉన్న హుడ్‌లు పొగను చాలా బాగా పట్టాయి. ముందువైపు బర్నరు మీద వండినప్పటికంటే వెనకవైపు, అంటే గోడ వైపు బర్నరు మీద వండినప్పుడు దాదాపు అన్నిటిలోనూ పొగ ఎక్కువగా బయటకు పోయింది. పైసా ఖర్చు లేని చిట్కా ఇది.

గొట్టం సైజు మరీ ముఖ్యం. 6 అంగుళాల గొట్టం పెట్టాల్సిన చోట 4 అంగుళాలది పెడితే ఏమవుతుంది? సైజు మూడింట ఒక వంతే తగ్గింది కదా అనిపిస్తుంది. కానీ అంతే గాలి పోవాలంటే అడ్డు ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. మాకు తెలిసిన ఒక అక్క హైదరాబాద్‌లో ఫ్లాటులో 1200 చిమ్నీ కొన్నది. బిగించినతను ముడతల గొట్టాన్ని అటక మీదుగా మూడు మలుపులు తిప్పి, చివర సన్నం చేసి బాల్కనీలోకి వదిలాడు. పోపు పెడితే ఇప్పటికీ హాల్లో వాళ్ళు తుమ్ముతున్నారు. తప్పు మిషనుది కాదు, దారిది.

కాబట్టి గొట్టం పొట్టిగా, వెడల్పుగా, నున్నగా, ఒకటి రెండు మలుపులకు మించకుండా ఉంటే, పైన చెప్పిన 450 కోసం డబ్బా మీద 750, 800 ఉన్నది చాలు. దారి బాగాలేకపోతే 1500 కూడా చాలకపోవచ్చు.

గొట్టమే లేని చిమ్నీలు కూడా అమ్ముతున్నారు. అవి గాలిని బొగ్గు ఫిల్టరు గుండా పంపి మళ్ళీ గదిలోకే వదులుతాయి. నూనె తుంపరలను, వాసనను కొంతవరకు ఆపుతాయి. కార్బన్ మోనాక్సైడును, నీటి ఆవిరిని, వేడిని బయటకు పంపలేవు. గ్యాసు పొయ్యికి గొట్టం ఉన్నదే సరైనది.

లోపలికి గాలి రాకపోతే బయటకు పోదు

జ్యూస్ ప్యాకెట్‌ను స్ట్రాతో గట్టిగా పీలిస్తే ప్యాకెట్ లోపలికి నొక్కుకుపోతుంది. ఆ తర్వాత ఎంత పీల్చినా జ్యూస్ రాదు. లోపలికి గాలి వెళ్ళనిస్తేనే మళ్ళీ వస్తుంది. వంటగది కూడా అంతే. గంటకు 450 ఘనపు మీటర్లు బయటకు పోవాలంటే ఎక్కడి నుంచో 450 లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు బిగించి చిమ్నీ వేస్తే మోత వస్తుంది గానీ పొగ పోదు.

అలాగని చిమ్నీ పక్కనే ఉన్న కిటికీ బార్లా తెరిస్తే, ఆ గాలి పొగను హుడ్ కిందినుంచి పక్కకు తోసేస్తుంది. మంటను కూడా ఊపేస్తుంది. గాలి పొయ్యికి ఎదురుగా, దూరంగా ఉన్న తలుపు నుంచో కిటికీ నుంచో నెమ్మదిగా రావాలి. ఫ్యాను ఎంత బలమైనదనే దానికంటే గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందనేదే ముఖ్యం. ఈ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

మన ఫ్యాను సంగతి

దసరా సెలవుల తర్వాత వార్డెన్ మేడమ్ గారి అనుమతితో నేను మన వంటగదికి వెళ్ళాను. చేతిలో ఒక టేపు, ఒక అగరొత్తుల ప్యాకెట్ ఉన్నాయి. ఇప్పుడు వంట చేస్తున్న అక్క "పూజ చేస్తావా ఏంది?" అని నవ్వింది.

మన వంటగది 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. తూర్పు గోడకు తలుపు ఉంది. ఫ్యాను కూడా అదే గోడకు, తలుపు పక్కనే నాలుగడుగుల దూరంలో ఉంది. భట్టీలు రెండూ పడమటి గోడ వైపు ఉన్నాయి. వాటి వెనక ఉన్న కిటికీకి ఎప్పుడో రేకు కొట్టేశారు.

ఫ్యాను వేసి, ఒక అగరొత్తి వెలిగించి తలుపు దగ్గర పట్టుకున్నాను. పొగ గీత గీసినట్టు నేరుగా ఫ్యానులోకి వెళ్ళిపోయింది. రెండో అగరొత్తి భట్టీ పక్కన పట్టుకున్నాను. పొగ పైకి లేచి, కప్పు దగ్గర పరుచుకుని, తిరిగి కిందికి దిగి, సరిగ్గా వంట చేసే అక్క నిలబడే చోటికి వచ్చింది. ఫ్యాను తలుపులోంచి వచ్చే శుభ్రమైన గాలినే లాగి బయటకు పారబోస్తోంది. పొయ్యి దగ్గరి గాలి కదలడమే లేదు.

ఇన్నేళ్ళ తర్వాత పెద్దమ్మ మాట చెవిలో వినబడింది. ఆమె సరిగ్గానే చెప్పింది. మేమే వినలేదు. ఫ్యాను బిగించినవాళ్ళు కరెంటు బోర్డుకు దగ్గరగా ఉందని అక్కడ బిగించి ఉంటారు. ఒక్కసారి ఆమెను అడిగి ఉంటే ఎక్కడ పెట్టాలో ఆమే చూపించేది.

ఇప్పుడు మన హాస్టల్ లెక్క చూద్దాం.

గదిని బట్టి: 3000 ఘనపుటడుగులు, అంటే 85 ఘనపు మీటర్లు. గంటకు 20 సార్లు మారాలంటే 1700.

మంటను బట్టి: 19 కిలోల సిలిండర్ రెండు రోజులకు వస్తోందని అక్క చెప్పింది. రోజుకు ఆరు గంటలు భట్టీలు వెలుగుతాయి. అంటే 12 గంటలకు 19 కిలోలు, గంటకు దాదాపు 1.6 కిలోలు. 12.7తో గుణిస్తే 20 కిలోవాట్లు, దానికి 1200 ఘనపు మీటర్లు. ఇది సగటు. రెండు భట్టీలూ పెద్ద మంట మీద ఉన్నప్పుడు ఒకటిన్నర రెట్లు అనుకుంటే 1800.

హుడ్‌ను బట్టి: రెండు భట్టీలను కప్పి నాలుగు వైపులా అర అడుగు బయటకు రావాలంటే 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు హుడ్ కావాలి. అంటే 1.67 చదరపు మీటర్లు. లెక్క చేస్తే ఇదీ 1800.

మూడూ ఇంచుమించు ఒకేచోట తేలాయి. మనకు కావలసింది గంటకు 1800 ఘనపు మీటర్లు. దానికి 12 అంగుళాల గొట్టం సరిపోతుంది. అందులో గాలి సెకనుకు 7 మీటర్ల వేగంతో పోతుంది. లోపలికి గాలి రావడానికి ఐదున్నర చదరపుటడుగుల ఖాళీ ఉంటే చాలు. మన తలుపు తెరిచి ఉంటే అంతకంటే ఎక్కువే ఉంది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. గోడకు బిగించే మామూలు రెక్కల ఫ్యాను గోడకు ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. దాన్నే పొడుగాటి గొట్టంలో పెడితే గాలిని నెట్టలేదు. హుడ్‌కు, గొట్టానికి బ్లోయర్ కావాలి. షాపులో "మా దగ్గర గొట్టం ఉంది, ఇన్ని మలుపులున్నాయి, అవన్నీ దాటాక 1800 రావాలి" అని స్పష్టంగా అడగాలి.

చందా డబ్బుతో ఏం చేద్దాం?

నా మనవి ఇది. ముందుగా, కొత్తది ఏదీ కొనకముందే, ఇప్పుడున్న ఫ్యానును విప్పి పడమటి గోడకు, భట్టీల వెనక రేకు కొట్టిన కిటికీ పైభాగంలో బిగిద్దాం. అప్పుడు గాలి తూర్పు తలుపులోంచి వచ్చి, వంట చేసేవారి వీపు వైపు నుంచి సాగి, పొయ్యి పైనున్న పొగను తీసుకుని బయటకు పోతుంది. ఒక ఎలక్ట్రీషియను, ఒక మేస్త్రీ, ఒకరోజు పని. చందా డబ్బులో ఇది చాలా చిన్న భాగం.

ఆ తర్వాత మిగిలిన డబ్బుతో రేకు హుడ్ చేయించి, నేరుగా పైకి వెళ్ళే గొట్టం, తగిన బ్లోయర్ పెట్టిద్దాం. ఒకేసారి అన్నిటికంటే పెద్ద ఫ్యాను కొని ఇప్పుడున్న చోటే బిగిస్తే, తలుపు గాలిని ఇంకా వేగంగా బయటకు పోస్తుంది. అంతకు మించి ఒరిగేదేమీ ఉండదు.

ఇళ్ళల్లో చిమ్నీ కొనేవారికి కొన్ని సూచనలు

1. హుడ్ పొయ్యి కంటే చిన్నదిగా ఉండకూడదు. రెండు, మూడు బర్నర్ల పొయ్యికి 60 సెంటీమీటర్లు, నాలుగు బర్నర్లకు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నది తీసుకోవాలి.

2. గ్యాసు పొయ్యికి, హుడ్‌కు మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్ల దూరం ఉండాలి. మరీ దగ్గరైతే నిప్పు ప్రమాదం, మరీ ఎత్తయితే పొగ పక్కకు జారిపోతుంది. మీరు కొన్నదానితో ఇచ్చిన పుస్తకంలో వేరే దూరం చెబితే అదే పాటించాలి.

3. పొయ్యి వెలిగించక ముందే చిమ్నీ వేసి, వంట అయ్యాక ఇంకో 10, 15 నిమిషాలు తిరగనివ్వాలి. పొయ్యి ఆర్పగానే గదిలోని పొగ మాయం కాదు.

4. మోతకు భయపడి చాలామంది అసలు వేయరు. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, మోటారుకు కావలసిన శక్తి మాత్రం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, మోత బాగా తగ్గుతుంది. అన్నం, పప్పు ఉడికేటప్పుడు చిన్న వేగం, పోపుకు, వేపుడుకు పెద్ద వేగం పెట్టుకోవచ్చు.

5. జల్లెడలకు పట్టిన జిడ్డును క్రమం తప్పకుండా వేడినీళ్ళు, సబ్బుతో కడగాలి. జిడ్డు పేరుకుంటే గాలి తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, అది అంటుకుంటే మంట గొట్టంలోకి పాకుతుంది.

6. ఇది అన్నిటికంటే ముఖ్యం. గ్యాసు లీకైన వాసన వస్తే చిమ్నీ గానీ, ఎగ్జాస్ట్ ఫ్యాను గానీ వేయకూడదు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఆన్‌లో ఉన్నదాన్ని ఆపకూడదు కూడా. పైగా మన గ్యాసు గాలి కంటే బరువైనది, నేల మీద పరుచుకుంటుంది. పైనున్న హుడ్ దాన్ని లాగలేదు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటకు వచ్చాక 1906 నంబరుకు ఫోన్ చేయాలి.

7. చిమ్నీ కొనే స్తోమత లేనివాళ్ళు దిగులుపడనక్కర్లేదు. పొయ్యి వెనక గోడకు పైభాగంలో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను, దానికి ఎదురుగా తెరిచిన తలుపు ఉంటే తప్పు దారిలో ఉన్న ఖరీదైన చిమ్నీ కంటే మేలు. సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక అగరొత్తి చాలు.

చివరిగా ఒక్క మాట

ఇదంతా రాసి మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె పెళ్ళయిన నాటి నుంచి గొట్టంతో ఊది ఊది కట్టెల పొయ్యి మీద వండింది. అంతా విని, "అయితే ఆ పెద్దమ్మకు ఈ సంగతి చెప్పినవా?" అని అడిగింది. చెప్పలేదు. వచ్చే ఆదివారం వెళ్ళి చెబుతాను. వార్షికోత్సవం నాడు ఆమెను పిలిచి, ఫ్యాను కొత్త చోట తిరుగుతుంటే మొదటి అగరొత్తి ఆమె చేతనే వెలిగించాలని నా కోరిక.

మనం పుస్తకాల్లో చదివే గాలి, వేడి, పీడనం అన్నీ మన వంటగదిలోనే ఉన్నాయి. చెల్లెళ్ళారా, మీరు చదివే ప్రతి పాఠాన్నీ ఒకసారి మీకు అన్నం పెట్టేవాళ్ళ పని దగ్గరకు తీసుకెళ్ళి చూడండి. అక్కలారా, చందా ఇచ్చేటప్పుడు ఒక్క పది నిమిషాలు వంటగదిలో, పొయ్యి ముందు నిలబడి చూడండి. ఎంత పెద్ద ఫ్యాను కొనాలో, ఎక్కడ బిగించాలో అక్కడే తెలుస్తుంది.

సెలవు.

మీ సోదరి,
పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్) ద్వితీయ సంవత్సరం